సముద్రం వైపు గోడ

కళింగపట్నం రేవుకు ఓడలు రావడం మానేసి ఎన్నేళ్లయిందో గున్నమ్మకు తెలియదు. కానీ ఆ ఓడల కాలంలో దొరలు కట్టిన రేవు బంగళా మాత్రం ఆమె ప్రాణం తోడేస్తోంది. రెండు మూరల మందం గోడలు, గుర్రబ్బండి దూరేంత కమాను వాకిళ్లు, టేకు దూలాలు! ఆ దూలాలు ఎవరు పట్టుకుపోయారో దేవుడికెరుక, పైకప్పు ఏనాడో కూలింది. సముద్రం వైపు గోడ ఒక్కటే నిటారుగా మిగిలింది. దానికి ఏటేటా సున్నం వెయ్యాలి. వేసేదెవరు? ఇంకెవరు, గున్నమ్మే!

సముద్రంలోంచి చూస్తే ఒడ్డంతా ఒకటే సరుగుడు తోట. ఆ తెల్లగోడా లైటుహౌసూ ఒక వరసలో కనబడేలా పడవ నడిపితే, వంశధార కలిసేచోటి ఇసుక మేటలు తప్పించుకుని ఇంటికి రావచ్చు. గురి తప్పితే పడవ బోల్తాయే. కాపురానికొచ్చిన ఏడే అత్తగారు సున్నం కుండ చేతికిచ్చి, "మన మగోళ్లు దీన్ని సూసే ఇంటికొస్తారే" అంది. అప్పటినుంచీ సున్నానికి గుల్లలు కాల్చేదీ, నిచ్చెన ఎక్కేదీ గున్నమ్మే. మొగుడు నూకయ్య కింద కూర్చుని చుట్ట కాలుస్తూ, "ఎడం పక్క పల్సగా ఉన్నాదే, ఇంకో పూతెయ్యి" అంటాడు. చెప్పడానికేం, నోరేగా!

తిత్లీ తుఫాను వచ్చి ఆ సున్నమంతా కడిగేసి పోయింది. గున్నమ్మకు అరవై దాటాయి, మోకాళ్లు పట్టేశాయి. "ఒరే నాగబాబూ, ఈ ఏడు నువ్వెక్కరా" అంది కొడుకుతో.

"గోడనెవుడు సూస్తాడే అమ్మా! ఫోన్లోనే దారి కనిపిస్తాది" అన్నాడు వాడు, ఆ ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

గున్నమ్మకు ఒళ్లు మండిపోయింది. "అయితే నేనూ ఎయ్యను. ఎవుడిక్కావాలో ఆడే ఏసుకుంటాడు" అని కుండ బోర్లించేసింది.

ఆ పంతం పట్టుమని వారం నిలవలేదు. ఒకరోజు నాగబాబు చేపల వేటకు పోయాక, తెల్లారేసరికి మబ్బు కమ్మేసి ఒడ్డంతా మసకబారింది. "నీ ఫోను తగలెయ్య!" అని తిట్టుకుంటూనే గోలెంలో మిగిలిన పాత సున్నం కుండలో పోసుకుని పరిగెత్తింది. నూకయ్య నిచ్చెనైతే పట్టుకున్నాడు గానీ నోరు మూసుకోలేదు. కమానుల మీదుగా పూసుకుంటూ పోయేసరికి సున్నం అయిపోయింది, ఎడమ మూల మిగిలిపోయింది. దిగి ఇసుకలో కూలబడింది. మధ్యాహ్నం దాటినా పడవ జాడ లేదు. వాడికేమైనా అయితే? పంతానికి పోయిన తన బుద్ధిని చెప్పుతో కొట్టాలనిపించింది.

పొద్దు వాలే వేళకు పడవ మేటల నడుమనుంచి ఒడ్డుకొచ్చింది. నాగబాబు దిగి, వల భుజాన వేసుకుని, బంగళా వైపు చూసి మొహం చిట్లించాడు.

"ఏటే అమ్మా, ఎడం పక్క వదిలేసినావు? మేట కాడ ఎంత తికమక పడ్డానో!"

గున్నమ్మ సున్నపు కుంచె తీసి వాడి వీపున ఒక్కటిచ్చింది. "గోడనెవుడు సూస్తాడన్న ఎదవెవుడురా?" అని ఏడుస్తూనే ఇంకొకటిచ్చింది.