ఇప్పచెట్టు కింద నిప్పు

ఉప్పలమ్మకు నాలుగు భాషలొచ్చు. బళ్లో నేర్చినవి కావు. పుట్టింట్లో తెలుగు, బాసగూడ సంతలో చింతపండు బేరాలాడి అడవి ఊళ్ల గోండీ, దోర్లీ నేర్చింది. హిందీ మాత్రం తహసీల్ ఆఫీసు ముందు నిలబడీ నిలబడీ అబ్బింది. అందుకే, అడవి మీద కార్బన్ క్రెడిట్లు తీసే కంపెనీ నుంచి సర్వేకొచ్చిన రాంప్రసాద్ తన హిందీని ఊళ్లకు మార్చి చెప్పే పనికి ఆమెను పెట్టుకున్నాడు.

మొదటి ఊళ్లోనే పరువు పోయింది. కార్బన్‌ను ఏమనాలో తోచక "బొగ్గు కొంటరంట" అనేసింది. తెల్లారేసరికి జీపు ముందు బొగ్గు బస్తాలు. రాంప్రసాద్ నవ్వలేక చచ్చాడు. ఆమె నవ్వలేదు. అసలు కొనేదేందో చెప్పేదాకా అతన్ని కదలనివ్వలేదు. చెట్లు గాల్లో పొగను తాగి దాచుకుంటాయి, ఎక్కడో ఫ్యాక్టరీలు ఆ లెక్క కొనుక్కుంటాయి, ఊరికి వాటా. బదులుగా నలభై ఏళ్లు అడవిలో ఎవరూ నిప్పు పెట్టకూడదు.

"ఇది ముందే ఎందుకు చెప్పలే?"

"చివర్లో చెప్దాం దీదీ. ముందు ఫాయిదా చెప్పాలి, ఊరికొచ్చే లాభం."

రెండోది ఆమె మెట్టినూరు, దోర్లీ మాట్లాడే ఊరు. ఎండలు మొదలవగానే ఇప్పచెట్ల కింద ఎండుటాకు కాల్చి, నల్లబడ్డ నేల మీద రాలిన పువ్వు ఏరుకోవడం అక్కడి ఆడవాళ్ల బతుకు. ఉప్పలమ్మకూ అత్త ఇచ్చిన చెట్టొకటుంది.

గ్రామసభలో రాంప్రసాద్ ఫోన్ కెమెరా తెరిచాడు. చేతులెత్తితే ఊరు ఒప్పుకున్నట్టే. అతను ఫాయిదా చెప్పాడు. ఆమె అది దోర్లీలో చెప్పి, ఊపిరి తిప్పుకోకుండా నిప్పు సంగతీ చెప్పేసింది.

పక్కింటి ఇర్మె లేచింది. "కాల్చకుంటే ఆకుల్లో పువ్వెట్ల కనిపిస్తదక్కా?"

"వలలిస్తాం. చెట్టు కింద పరిస్తే సరి," అన్నాడు రాంప్రసాద్, ఉప్పలమ్మ అది హిందీలో చెప్పాక.

"వల మేం పరుస్తం. పువ్వు తిననీకి ఎలుగ్గొడ్డు వస్తే ఈయన కూసుంటడా కాపలా?" అంది ఇర్మె.

ఊరు పగలబడి నవ్వింది.

"ఏమంటోంది?"

"నీకు నౌకరీ ఇస్తదంట."

అతని మొహం మాడింది. "నేను చెప్పిందే చెప్పు దీదీ. నిప్పుతో అడవి పాడవుతుందని రిసెర్చి చెబుతోంది."

"పాడైతదేమో. అది మేం కూసొని మాట్లాడుకుంటం. ఆ ఫ్యాక్టరీ ఆయన తన పొగ ఎప్పుడు ఆపుతడు? అది ఉందా మీ రిసెర్చిలో?"

"అది పాలసీ. పైవాళ్లు చూసుకుంటారు."

"మా అగ్గిపుల్ల మేం కిందోళ్లం చూసుకుంటం."

అతను చేతులెత్తమన్నాడు. ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు దోర్లీలో చెప్పి, తన చేతులు కట్టుకుంది. ఒక్క చెయ్యి లేచింది. అదీ చెమట తుడుచుకోడానికి.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. మిగతా ఊళ్లకు వేరే మనిషిని చూసుకుంటా."

"చూసుకో. ఆ ఊళ్లనిండా నా చుట్టాలే. నీ జీపుకన్నా ముందు నేనే పోత."

కొంగు నడుముకు చెక్కుకుంది. అతను ఫోన్ జేబులో పెట్టుకునేలోపే వాగు అవతలి ఊరి దారి పట్టింది.