పెదనాన్న దింపించిన బండి

మా పెదనాన్న మొన్న గురువారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చారు, మళ్లీ లేవలేదు. పెద్దమ్మ ఫోన్ చేసి చెబితే ఏడుపొచ్చింది. ఆ వెనకే, దాచుకోవడమెందుకు, ఊరట కూడా కలిగింది. ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఆ మర్నాడే విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాలని అనుకున్నాం. అక్కడ గొట్టాల మధ్య పోవాల్సి వస్తుందేమోనని ఆయన భయం. అలా జరగలేదు. ఉన్న ఒక్క కోరికా తీర్చుకునే వెళ్లారు. ఆ కోరిక సంగతే మీకు చెప్పాలి.

ఆయన అరకు ఘాట్‌లో ఇనుప ఖనిజం బళ్లు నడిపిన రైలు డ్రైవరు. రిటైరయ్యాక మైదానంలోని సొంతూరికి పోకుండా ఇక్కడే ఉండిపోయి, ఇంట్లో ఒక గది నిండా చిన్న కొండ కట్టారు. ప్లైవుడ్ వాలు, థర్మాకోల్ సొరంగాలు, రంగేసిన రంపపు పొట్టుతో కాఫీ తోటలు. దాని మీద జానెడు ఇంజను. ఇంజను పొట్టలో గోరంత సర్క్యూట్ ఉంటుంది, డీకోడర్ అంటారు. ఎంత వేగంతో నడవాలో, ఎప్పుడు ఏ చప్పుడు చేయాలో అదే చూసుకుంటుంది. నాకు అరకులో సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది కాబట్టి, దాన్ని దారికి తెచ్చే పని నా నెత్తిన పడింది.

మొదటిసారి నడిపి చూపించి గర్వంగానే నిలబడ్డాను.

"ఏటే గుంటా, అది బండా, ఆటోనా? అలా ఎగిరిపోతందేటి?" అన్నారు. "ముందు మోత లెగాల. బరువు తెలవాల. అప్పుడు గదా సక్రం కదిలేది!"

ఆ "అప్పుడు" ఎంతసేపో కుదరడానికి నెలలు పట్టింది. పగిలిన ఫోన్లు పట్టుకుని జనం నిలబడి ఉంటే, ఈయన నా షాపులో స్టూలు వేసుకుని ఇంజను మోతల రికార్డింగులు వినిపించేవారు. దూరంగా ఏ రైలో ఘాట్ దిగుతుంటే మాట మధ్యలో ఆపేసి చెవి అటు పెట్టేవారు. "నా కేక ఇనబడదు గాని, అంత దూరం బ్రేకు ఇనబడతాది" అని పెద్దమ్మ సణిగేది.

ఎక్కడం కుదిరింది, దిగడమే కుదరలేదు. కారణం ఆయనే. వ్యాగన్లలో రంగేసిన స్పాంజి ముక్కలు వేస్తే సరిపోయేది. ఈయన అసలు ఖనిజమే తెచ్చి నింపారు. ఆ బరువు వెనక నుంచి తోసేసరికి ఇంజను జారి, మలుపులో బండి మొత్తం బోర్లా పడేది.

"స్పాంజి ఏసేద్దాం పెదనాన్నా" అని బతిమాలాను.

"బరువు నేకపోతే బండేటే? ఉత్త డబ్బాలు. ఎక్కడం ఇంజను సూసుకుంటాది. దింపడం మనం సూసుకోవాల."

ఉద్యోగంలో ఆయన చేతిలో ఒక్క బండీ జారలేదు. ఈ బొమ్మబండి పడినప్పుడల్లా మాత్రం ముఖం మాడిపోయేది. మరోపక్క ఊపిరి తగ్గిపోతోంది. గది దాకా నడిచేసరికే ఆయాసంతో కూలబడేవారు. ఆసుపత్రికి పోదామంటే ఒకటే మాట, "బండి దిగినాక ఎల్దాం." నాకు కోపమూ వచ్చేది, భయమూ వేసేది.

ఆయన పోయే ముందు ఆదివారం పొద్దున మళ్లీ కూర్చున్నాను. వెనక నుంచి తోపు తగలగానే ఇంజను తనను తాను నిలువరించుకునేలా డీకోడర్‌లో లెక్క మార్చాను. బ్రేకు కీచుమనే చప్పుడు దానికి ముడిపెట్టాను. బండి కొండ నెత్తిన ఆగింది. బ్రేకు వదిలినట్టు గాలి బుస్సుమంది. మోత లేచింది, ఆ తర్వాతే చక్రం కదిలింది. పెద్దమ్మ పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి నిలబడింది. బండి నత్తలా దిగుతూ మలుపు దాటి, కింది స్టేషన్లో కుదుపు లేకుండా ఆగింది.

పెదనాన్న చప్పట్లేమీ కొట్టలేదు. ఘాట్ దిగిన బండికి బ్రేకుల రాపిడితో చక్రాలు వేడెక్కిపోతాయి. కింద ఆపాక చెయ్యి దగ్గర పెట్టి ఆ వేడి మితిమీరలేదు కదా అని చూడటం ఆయన పనిలో భాగం. ఇప్పుడూ లేచి, బల్ల పట్టుకుని ఒంగి, వేలి వెనక వైపు ఆ బుల్లి చక్రానికి ఆనించారు.

"సల్లగుందే" అన్నారు. పక్క వ్యాగను దగ్గరికి జరిగారు. "ఇదీ సల్లగుంది."

ఆయాసం మధ్య నవ్వుకుంటూ, ఒక్కో చక్రాన్నీ తాకుతూ, ఆఖరి వ్యాగను దాకా వెళ్లారు.