డిల్లేశు స్క్రిప్ట్‌లో నేను తీసేసిన లైన్

నిన్న పొద్దున్న కోటబొమ్మాళి స్టేషన్‌లో ట్రైన్ కోసం నిలబడి ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"డిల్లేశు ఎల్లిపోనాడు బావా."

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. వాడు రెండు రోజులుగా ఆఫీసుకి రాకపోతే వేరే కంపెనీలో చేరిపోయాడేమో అనుకుంటున్నాను.

చనిపోయాడు. ముప్పై నాలుగేళ్లకే.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేది మేమిద్దరమే. లారీ బిల్లులు వాడివి, ఫైర్‌వాల్ నాది.

ఫైర్‌వాల్ అంటే ఆఫీసు ఇంటర్నెట్‌కి గేటు. ఏ యాప్‌ని వదలాలి, దేన్ని ఆపాలి అన్నది అక్కడ సెట్ చేస్తాం. రోజూ నేను చేత్తోనే చేసేవాణ్ణి. జీడిపప్పు రేట్లు వచ్చే టైమ్‌కి వాట్సాప్ తెరవడం, తర్వాత మూయడం, భోజనాలప్పుడు వీడియోలు వదలడం.

డిల్లేశు చూసి చూసి, "రోజూ ఈ టిక్కులేటి బావా, ఇంకేటీ పని నేదా నీకు?" అని ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, రాసేశాడు. ఒక షీట్‌లో యాప్ పేరు, టైమ్, కారణం రాస్తే చాలు. స్క్రిప్ట్ అది చదివి ఫైర్‌వాల్‌లో తనే మార్చేస్తుంది.

మొదటి రోజే మా ఓనరు గారి భజనల వీడియో ఆగిపోయింది. క్యాబిన్‌లోంచి ఒకటే కేకలు. డిల్లేశు పరుగున వచ్చి షీట్‌లో ఆయన కోసం ఒక లైన్ చేర్చాడు. కారణం అన్న చోట "దేవుడు" అని రాశాడు.

ఆ రోజు కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

నవ్వానే గానీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. నా గేటు తాళం వాడి చేతిలోకి ఎందుకు వెళ్లాలని.

నాది అనుమానపు బుద్ధి. కూరలో ఉప్పు తగ్గినా ఎందుకు తగ్గిందని ఆరా తీస్తానని మా ఆవిడ అంటుంది.

ఒకరోజు షీట్‌లో కొత్త లైన్ కనిపించింది.

మంగళ, శుక్రవారాలు, పదకొండు నుంచి మూడు దాకా, రిమోట్ యాప్‌కి అనుమతి. అంటే బయట ఎక్కడో కూర్చుని ఆఫీసు కంప్యూటర్ నడపొచ్చు. అదీ ఒక్క డిల్లేశు కంప్యూటర్‌నే. కారణం, "గోడౌన్ పని".

మా గోడౌన్ కోటబొమ్మాళిలో, మా ఇంటికి దగ్గరే. శుక్రవారం లీవు పెట్టి మరీ వెళ్లాను. వాచ్‌మన్‌ని అడిగితే, "డిల్లేశు బాబా? ఆయన ఇటుకేసి ఒచ్చి శానా కాలమైపోనాది" అన్నాడు.

ఇంకేముంది. మా రేట్ల షీటు ఉండేది ఆ కంప్యూటర్‌లోనే. బయట ఎవడికో అమ్ముకుంటున్నాడని తేల్చేసుకున్నాను.

వాణ్ణే అడగొచ్చు. అడిగితే జాగ్రత్తపడతాడని అడగలేదు.

మరుసటి మంగళవారం వాడు బయటికి వెళ్లాక ఆ లైన్ తీసేశాను. పదకొండు దాటాక పది నిమిషాల్లో ఫోన్.

"బావా, నాది కనెక్ట్ అవట్నేదు. నువ్వేటైనా మార్సినావా?"

"నేదే. ఎక్కడున్నావు?"

"బేంకులో."

వెనక బీప్, బీప్ అని ఏదో మోగుతోంది. అదేటని అడిగాను.

"టోకెన్ మిషను బావా."

ఏ బ్యాంకులో టోకెన్ మెషిన్ అలా ఆగకుండా మోగుతుంది? దొరికిపోయాడు అనుకున్నాను.

ఆ సాయంత్రం అకౌంట్స్‌లో ఇద్దరి చెవిన వేశాను. వారం తిరక్కుండానే ఆఫీసంతా అదే మాట. ఓనరు గారు వాడి దగ్గర ఆ ఫైర్‌వాల్ షీటు పాస్‌వర్డ్ తీసేసుకున్నారు. ఆ తర్వాత నుంచి డిల్లేశు మంగళ, శుక్రవారాల్లో రెండింటికల్లా చెమటలు కక్కుతూ ఆఫీసుకి వచ్చేసేవాడు.

చూశారా, భయం పట్టుకుంది అని నేనే అందరికీ చూపించాను.

నిన్న ఉద్దానంలో వాళ్ల ఊరు వెళ్లాం. కొబ్బరితోటలో నిలబడి ఆఫీసువాళ్లు నన్నే అడిగారు, "ఆ రేట్ల సంగతి నిజమేనంటావా?" అని. శవం ఇంకా లేవలేదు.

లోపలికి వెళ్తే వాళ్లావిడ నన్ను చూసి గోడకి ఆనుకుని కూర్చునే చెప్పింది.

"కిడ్నీలు పాడైపోనాయి అన్నియ్యా. తెలిత్తే సెల్లికి ఒచ్చిన సంబంధం ఎనక్కెల్లిపోద్దని ఎవులికీ సెప్పనివ్వనేదు. పలాసలో అయితే ఎవులైనా సూత్తారని టెక్కలి ఎల్లి డయాలసిస్ సేయించుకునీవోరు. ఓ సేతికి సూదులు, ఇంకో సేత్తో ఫోన్ల లారీ బిల్లులు. మద్దిన ఎవులో అది మూసీసినారంట. మూడింటికి లారీలు ఎల్లాల కదా. నాలుగ్గంటలు ఉండాల్సినోరు, రెండు గంటలకే సూదులు తీయించీసుకుని ఆఫీసుకి పరిగెట్టీవోరు. సెల్లి పెళ్లి మొన్ననే అయినాది. ఇంక ఆఫీసుల సెప్పీత్తానన్నారు."

"ఎవులో" అంది. నా మొహంలోకే చూస్తూ అంది.

తెలిసి అందా, తెలియక అందా? వాడు నా పేరు చెప్పాడా, దాచాడా? అడిగే మొహం లేక బయటికి వచ్చేశాను. తోటలో వాళ్లకి కూడా జవాబు చెప్పలేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసువాళ్లందరూ చదవండి. డిల్లేశు ఎవరికీ ఏ రేటూ అమ్మలేదు. ఆ మాట పుట్టించింది నేను.

వాడి కంప్యూటర్‌లో ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో చూపించే పాత లాగ్ అంతా తీసి చూశాను. ఆ నాలుగు గంటల్లో తెరిచింది బిల్లుల ఫైలు ఒక్కటే. ఆ రోజే చూసి ఉండాల్సింది, పది నిమిషాల పని.

చూసింది ఎప్పుడో తెలుసా? ఇవాళ పొద్దున్న. వాళ్లావిడ ఏడుస్తూ చెప్పాక కూడా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. శవాన్ని సాగనంపి వచ్చి వాడి లాగ్ వెతికాను.

నన్ను అన్నియ్యా అన్న చెల్లమ్మా, అది మూసింది నేనే.

డిల్లేశూ, లారీలు నేను పంపిస్తాను. నువ్వు నిమ్మళంగా ఉండు బావా.