తుపాకీ కడుపులో కొయ్యముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఒక తుపాకీ వేలాడేది. అది మా చిన్నాన్నదని కళ్యాణదుర్గం పక్కనున్న మా ఊరంతా అనుకునేది. మిలిటరీలో చేరిన మా చిన్నాన్న సరిహద్దులో, మంచుకొండల మీద చనిపోయాడు. శవం రాలేదు, ట్రంకుపెట్టె రాలేదు, ఒక కాగితం మాత్రం వచ్చింది. మా అవ్వ అన్నం మానేసింది. వాడి చెయ్యి తగిలిన వస్తువు ఒక్కటన్నా తెచ్చియ్యమని తాతను పట్టుకుని ఏడ్చేదట. నెల తిరిగేసరికి తాత అనంతపురం వెళ్లి ఈ తుపాకీ తెచ్చి, సర్కారువాళ్లు ఇచ్చారని ఆమె ఒళ్లో పెట్టాడు. ఆ పూట అవ్వ నాలుగు ముద్దలు తిన్నది.

శనక్కాయ చేలో పడే అడవిపందుల కోసమని లైసెన్సు రాయించారు గానీ, దాన్ని పేల్చగా చూసినవాళ్లు లేరు. అవ్వ దానికి నూనె రాసేది, మెత్తటి పాతచీర చుట్టేది. భుజానికి ఆనించే తుపాకీ మడమ మీద ఏవో అక్షరాలు గుద్ది ఉండేవి. చదువురాని మా అవ్వ అది కొడుకు పేరే అనుకుని, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ వాటిని బొటనవేలితో తడిమేది.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడాది, లైసెన్సు తిరగరాసేందుకు అది ఏ రకం తుపాకీయో తెలిసినవాళ్లతో రాయించుకు రమ్మని స్టేషనువాళ్లు తాతకు చెప్పారు. పోలీసు కొలువులో తుపాకులు బాగుచేసి పింఛను తీసుకుంటున్న సాయిబు తాతను మా తాత ఇంటికి పిలుచుకొచ్చాడు. అవ్వ నీళ్లకు పోయింది. ఆయన తుపాకీ విప్పుతుంటే నేను మోకాళ్ల మీద కూర్చుని చూస్తున్నాను.

"గొట్టంలోకి సూడు పాపా. గీతలేమన్నా కనపడతాండాయా?"

"లేదు తాతా, నున్నగా ఉండాది."

"మిలిటరీ తుపాకీలో మెలి తిరిగిన గీతలుంటాయి. ఇదీ ఒకప్పుడు మిలిటరీదే. పాతబడినాక గీతలు తోడేసి జైలు కావలోళ్లకు ఇచ్చినారు."

తూటాల పెట్టె ఉండాల్సిన చోట అరచేతిలో పట్టేంత కొయ్యముక్క బిగించి ఉంది. ఒకసారి పేల్చితే మళ్లీ చేత్తో ఇంకొకటి పెట్టుకోవాల్సిందేనట. మడమ మీది అక్షరాలు జైలు గుర్తు. మా చిన్నాన్న పుట్టకముందే అది మిలిటరీ నుంచి బయటపడిందని ఆయన తేల్చేశాడు.

తాత నేల చూస్తూ, "తెలుసు సాయిబూ. పాతవి వేలమేస్తాంటే తెచ్చిన. మా ఇంట్లోది మెతుకు ముట్టకుండా ఉండె. ఏం జేసేది?" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

ఇంతలో అవ్వ బిందెతో వచ్చింది. "మా వాని తుపాకీ బాగుండాదా అన్నా?" అని అడిగింది. సాయిబు తాత గొట్టం తుడుస్తూ, "బిడ్డను సాకినట్ల సాకినావు తల్లీ. యాడా తుప్పు లేదు" అన్నాడు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ మాట విలువ నాకు అప్పుడు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇప్పుడూ అంతే. ఆ దసరాకు ఆయుధపూజ నాడు, స్నేహితురాళ్లకు గొట్టంలోపల చూపిద్దామని దుమ్ముచేతులతో తుపాకీ పట్టుకున్నాను. అవ్వ వీపు మీద ఒక్కటేసింది. "మీ చిన్నాయన తుపాకీమ్మే అది!" అని అరిచింది. పిల్లల ముందు కొట్టిందని నాకు ఉక్రోషం వచ్చింది. "చిన్నాయనది కాదు, జైలోళ్లది! తాత వేలంలో తెచ్చినాడు!" అనేశాను.

అవ్వ తాత వైపు చూసింది. తాత తల ఎత్తలేదు. ఆమె ఏడవలేదు, నన్ను మళ్లీ కొట్టలేదు. కుంకుమ గిన్నె కింద పెట్టి లోపలికి పోయి పడుకుంది. ఒక తల్లికి ఇంకోసారి కడుపుకోత పెట్టానని ఆ వయసులోనే నాకు అర్థమైంది. ఆ ఏడాదంతా తుపాకీకి నూనె లేదు. గొట్టం చివర ఎర్రగా తుప్పు మొదలైంది. నేను అవ్వ కళ్లలోకి చూడలేకపోయేదాన్ని.

మరుసటి దసరాకు అవ్వ తనంతట తానే తుపాకీ దించింది. "నూనె గిన్నె తేమ్మే" అంది నాతో. భయపడుతూ తెచ్చి పక్కన కూర్చున్నాను. చాలాసేపు తుప్పు తుడిచి, అప్పుడు అంది. "ఇది మోసినోడూ యా తల్లి కొడుకో గదా. మా వాని తుపాకీ యాడుండాదో. దానికి యవరన్నా ఇంత నూనె రాస్తాండారో లేదో." నా చెయ్యి పట్టుకుని ఆ అక్షరాల పక్కన బొట్టు పెట్టించింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తాత పోయాక తుపాకీ స్టేషనుకు అప్పజెప్పాల్సి వచ్చింది. అవ్వ బతిమాలితే ఒక కానిస్టేబులు దాని కడుపులోని కొయ్యముక్క ఊడదీసి ఇచ్చాడు. అవ్వ తర్వాత అది నా దగ్గరికి వచ్చింది. దానికి నూనె రాసి బొట్టు పెట్టడం ఇన్నేళ్లలో ఒక్క దసరాకూ తప్పలేదు.

మొన్న దసరాకు మా మనవడు దాన్ని ఫోనులో ఫొటో తీసి, "ఇది యా కాలం తుపాకీదో వెతికి చెప్పేదా జేజీ?" అన్నాడు.

"చెబుదువులే నాయనా," అన్నాను. "ముందు ఆ నూనె గిన్నె ఇట్లా తే."