అక్క గ్యాలరీలో ఎడారి గులాబీలు

మా అక్క నర్సవ్వ బొంబాయి కామాటిపురలో, మన దిక్కు కూలోళ్లుండే వరుస గదుల చాల్‌లో మంచం పట్టింది. పోయేలోగా మంచం మీది నుంచే ఒక పువ్వు చూడాలని ఆమె కోరిక. ఆ చాల్‌లో నల్లా పొద్దున కాసేపే వస్తది, మల్లెలు బతకవు. అందుకే చలికాలంలో నేనే పోయి ఎడారి గులాబీలు, నాగజెముడు, గడ్డిగులాబి గది ముందు అందరూ నడిచే గ్యాలరీలో నూనె డబ్బాల్లో నాటి వచ్చిన. మాది పాలమూరు. తక్కువ నీళ్లతో పూలు పూయించుడు నాకు ఒకరు చెప్పే పని లేదు. ఎండలు ముదిరినంక, పూసి ఉంటయని చూడ బయలుదేరిన. బొంబాయిలో మిల్లుల సమ్మె నడుస్తున్న రోజులవి.

పాలమూరులో బస్సెక్కి రాయచూరు పోయి, అక్కడ రాత్రి బొంబాయి రైలు పట్టిన. జనరల్ డబ్బాలో కూర్చునే చోటు కావాలంటే గంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉండాలె. మర్నాడు మధ్యాహ్నం దాదర్‌లో దిగి, వంతెన దాటి లోకల్ మారితే గ్రాంట్ రోడ్. టికెట్టు చిల్లర పైసలతోనే అయిపోతది. అక్కడి నుంచి నడకే, టాక్సీ దండగ.

గ్యాలరీలో అడుగు పెట్టంగనే కుళ్లు వాసన. డబ్బాల బొక్కలు బురదతో పూడుకున్నయి. చెట్టు మొదలు పట్టుకుంటే మెత్తగా చేతికొచ్చింది.

"ఎవడ్రా నీళ్లు పోసింది?" అని అరిచిన.

పక్క గది తాపీ మేస్త్రి సాయన్న బయటికొచ్చిండు. "అందరం పోసినం మామా. పొద్దున మేము, మాపటికి అవతలి గదులోళ్లు. కొత్త గోడకు కొట్టినట్టు కొట్టినం."

"ఇది గోడారా? పది దినాలకొక చెంబు అని చెప్పి పోలేదా?"

"చెప్పినవ్. అక్క చెట్లకు గంత పిసినారితనం ఏందనుకున్నం."

అక్కడ అందరూ కట్టుబడి పనోళ్లే. కొత్తగా కట్టినదాన్ని ఆరనీయొద్దని వాళ్ల చేతులకు అలవాటు. తాగే నీళ్లు మిగిల్చి మరీ పోసిన్రు.

"చూస్తూ ఊకున్నవా అక్కా?" అని లోపల మంచం దిక్కు తిరిగి అడిగిన.

"బిందెల అడుగు నీళ్లు తెచ్చి పోస్తుంటే వద్దని ఎట్లంట తమ్మీ?"

కుళ్లంతా కోసి పారేసి, మిగిలిన ఒక్క ఎడారి గులాబీ కొమ్మను నీడన ఆరబెట్టిన.

"అదెప్పుడు పూస్తది?" అని అక్క అడిగింది.

"వచ్చే ఎండాకాలం."

అక్క నవ్వింది. "అయితే నువ్వే చూసుకో పో."

వానలు పడంగనే అక్క పోయింది. పువ్వు చూడలేదు. ఆ చాల్ వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. అక్కను మోసింది వాళ్లే, మంచంలో ఉన్నన్నాళ్లు గంజి తాపింది వాళ్లే. తిడదామంటే నోరు రాదు.

మీరు పోయి ఇట్లాంటి తోట పెట్టేదుంటే, డబ్బా అడుగున కుండ పెంకులు పరిచి, ఇసుక ఎక్కువ కలపండి. వేలు గుచ్చి చూడండి, తడి తగిలితే నీళ్లొద్దు. ఎంత ఇష్టమున్నోళ్లు చెంబు పట్టుకొచ్చినా పోయనీయకండి.