కడిగినా పోని ఎరుపు

గోదారమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అమలాపురం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారట. పింఛను మంజూరుకు లంచమడిగిన అధికారిని, అవినీతిపరులను పట్టే కేంద్ర సంస్థకు పట్టించారట.

“నోట్లకి పొడి రాసిచ్చేరండి. ఆ ఆఫీసరు పుచ్చుకున్నాక చేతులు చాకలిసోడా కలిపిన నీళ్ళలో ముంచితే, నీళ్ళు ఎర్రబడిపోయేయండి.”

“అయితే మీరు హీరో అన్నమాట, బాబాయిగారూ!”

“ఆయ్,” అంటూ ఆయన తన అరచేతులే పంచెకు తుడుచుకున్నారు.

ఆ అధికారి చేతులు ఎంత తోమినా ఎరుపు వదల్లేదు. ఇప్పటికీ అన్నం చెంచాతోనే తింటున్నాడు.

సరే, ఈ చివరి ముక్క నా కల్పన. ఎరుపు మొదటి కడుగుకే పోయింది. కేసింకా నడుస్తోంది. అధికారి మళ్ళీ అదే కుర్చీలోకి వచ్చాడు. ఆ రోజు పెద్దాయన వెళ్తున్నది అతని సంతకం కోసమే.