మూల గది హీటర్

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి బడులు మూతపడ్డ ఒక చలికాలం, మా ఇంట్లో హీటర్లన్నిటికీ నేనే పెద్దను. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ పదవి ఇచ్చింది మా నాన్న. అప్పుడు మేము జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్ ఊళ్లో, ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. చెట్లు ఆకులు రాల్చే రోజుల్లో ఇంటి యజమాని దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అంతకు ముందు ఏడాది వాడిన వేడికి మేము ఇంకా చాలా కట్టాలట. అదే నెలలో ఆఫీసువాళ్లు నాన్న పని గంటలు సగానికి తగ్గించారు, జీతమూ తగ్గింది. నాన్న ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్‌కు అంటించి, రోజూ దాని ముందు నిలబడే టీ తాగేవాడు.

మా నాన్న చెడ్డవాడు కాదు. అడిగితే లేదనేవాడు కాదు, కొత్తగా వచ్చిన విద్యార్థులను స్టేషన్ నుంచి ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టించేవాడు. కానీ ఆ ఉత్తరం వచ్చాక ఆయనకు ఇల్లంతా కన్నాలున్న కుండలా కనిపించడం మొదలైంది. కిటికీ సందులకు స్పాంజి పట్టీలు అంటించాడు. హీటర్‌కు అడ్డంగా ఉన్న సోఫాను జరిపాడు. చీకటి పడగానే షట్టర్లు దించమన్నాడు. అమ్మకు కిటికీని రోజంతా ఓరగా తీసి ఉంచే అలవాటు. అది మాన్పించి, పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు బార్లా తెరిచి మూయమన్నాడు. ఇవన్నీ మంచి పద్ధతులే. ఈ వయసులో నేనూ అవే పాటిస్తున్నాను.

నా పని గదులు తిరగడం. హీటర్ పక్కనుండే పిడి మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి. మనుషులున్న గదిలో పిడి రెండు దాటకూడదు, ఎవరూ లేని గదిలో అయితే పూర్తిగా తగ్గించేయాలి. ఒక్కో హీటర్ మీద ఎంత వేడి వాడామో చూపించే చిన్న తెల్ల మీటరు ఉండేది. ఆదివారం పొద్దున నేను వాటి అంకెలు చదివి నాన్నకు చెప్పేదాన్ని. పెద్దగా పెరగకపోతే నా తల నిమిరి, "శెభాష్ లీడరమ్మా" అనేవాడు. బడి లేదు, స్నేహితులు లేరు. వారమంతా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసేదాన్ని.

మా ఇంట్లో ఉత్తరం వైపు మూలన ఒక చిన్న గది ఉండేది. అందులో కాకినాడ నుంచి మెకానికల్ చదవడానికి వచ్చిన ఒక అక్క అద్దెకు ఉండేది. వేడితో కలిపి ఒకే అద్దె, అక్కడి మాటలో వార్మ్ మీటె. అంటే ఆమె ఎంత వేడి వాడుకున్నా అద్దె పెరగదు, ఆ భారం మాదే. ఆమె దిగినప్పుడు అది పెద్ద విషయం కాదు. పొద్దున పోతే లైబ్రరీ మూసేదాకా వచ్చేది కాదు. కరోనాతో లైబ్రరీ మూసేశారు, ఆమె సాయంత్రాలు పనిచేసే కాఫీ దుకాణమూ మూతపడింది. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి వచ్చేశాయి. అక్క రోజంతా ఆ గదిలోనే కూర్చునేది, హీటర్ నాలుగు మీద ఉండేది.

ఆమె నాకు లెక్కలు చెప్పేది, తల దువ్వి జడలు వేసేది. అయినా ఆదివారాలు ఆ గది మీటరు అంకె చదువుతుంటే నాకు కోపం వచ్చేది. అది వినగానే నాన్న ముఖం ముడుచుకునేవాడు, నా తల నిమరడం మరచిపోయేవాడు.

ఒకరోజు అక్క కూరగాయలకు బయటికి వెళ్లినప్పుడు నాన్న నన్ను ఆ గదిలోకి పిలిచాడు. చేతిలో కటింగ్ ప్లయర్, రూపాయి బిళ్లంత ఇనప బిళ్ల ఒకటి. హీటర్ పిడిని పట్టి ఉంచే ఉంగరాన్ని ప్లయర్‌తో విప్పి, పిడి లోపల ఆ బిళ్ల పెట్టి, మళ్లీ గట్టిగా బిగించాడు.

"చూడు బిడ్డా," అన్నాడు. "ఈ బిళ్ల లోపలి పుల్లను నొక్కి వడ్తది, ఇగ పిడి అయిదు మీద వెట్టినా వేడి నీళ్లు లోపలికి రావు. తిప్పేటోళ్లు తిప్పుకుంటనే ఉంటరు." ఆయనే పిడిని అటూ ఇటూ తిప్పి చూపించాడు. నాకు అది గారడీలా తోచి పకపకా నవ్వాను. "ఎవ్వరికి చెప్పద్దు, మమ్మీకి గూడ," అన్నాడు. నేను తలూపాను. నాన్నకూ నాకూ మధ్య ఒక రహస్యం ఉందన్న గర్వంతో ఆ సాయంత్రం రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు అక్క వంటింట్లోకి వచ్చి, "అంకుల్, నా గదిలో హీటర్ అస్సలు వేడెక్కట్లేదండి," అంది. నాన్న తడబడలేదు. "పాత బిల్డింగమ్మా. ఆ మూలకు నీళ్లు సరిగ రావు. హౌస్‌మైస్టర్‌కు చెప్పిన. కరోనా గదా, టెర్మిన్ ఇస్తలేడు." హౌస్‌మైస్టర్ అంటే భవనం మంచీచెడ్డా చూసే మనిషి, టెర్మిన్ అంటే ఆయన వస్తానని ఇచ్చే తేదీ. అక్క నమ్మింది. శ్రమ తీసుకున్నందుకు థాంక్స్ కూడా చెప్పింది.

ఆ తరువాత రోజూ ఏదో ఒక వంకతో ఆ గదికి వెళ్లేదాన్ని. అక్క ముందు స్వెట్టరు వేసుకుంది. తరువాత దాని మీద బయట తొడుక్కునే కోటు, ఆపైన ఉన్ని టోపీ, చేతులకు తొడుగులు. గోడ మూలన నల్లగా బూజు పట్టింది. అక్క మాట్లాడుతుంటే నోట్లోంచి సన్నగా ఆవిరి వచ్చేది, అది చూస్తుంటే నాకు వింతగా ఉండేది. ఒకరోజు వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ అడిగింది. "మీ గదిలో కూడా ఇలాగే ఉందా అమ్మా?"

"మా రూమ్ ఇంకా కాల్ట్ ఉంది అక్కా," అన్నాను.

కాల్ట్ అంటే చలి. నిజానికి నా గది వెచ్చగా ఉంది. అలా చెప్పమని నాకు ఎవరూ నేర్పలేదు. అక్క నన్ను దగ్గరికి తీసుకుని, తన తొడుగులు నా చేతులకు వేయబోయింది. నేను చేతులు లాక్కుని బయటికి పరుగెత్తాను.

ఆమెకు ఒక పరీక్ష ఉండేది. ఒకసారి తప్పింది, ఇది రెండోసారి, మూడోసారి కూడా తప్పితే చదువు అంతటితో ఆగిపోతుంది. పరీక్ష ఆ గదిలోనే, లాప్‌టాప్ కెమెరా ముందు కాగితం మీద రాయాలి. కెమెరాకు చెవులు కనపడాలి కనుక టోపీ పెట్టుకోకూడదు, చేతులు కనపడాలి కనుక తొడుగులు వేసుకోకూడదు. ఆ రోజు మంచు పడుతోంది. రెండు గంటల తరువాత అక్క గదిలోంచి వచ్చి వంటింట్లో కుళాయి వేడి నీళ్ల కింద చేతులు పెట్టుకుని నిలబడింది. వేళ్లు ఎర్రగా కమిలి ఉన్నాయి. అమ్మ ఎలా రాశావని అడిగింది. "చివరి రెండు ప్రశ్నలూ రాయలేకపోయానండి. పెన్ను పట్టు దొరకలేదు," అంది. నాన్న పక్క గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం వినపడింది.

ఆ సాయంత్రం ఆమె హీటర్ ముందు నేల మీద కూర్చుని ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. హీటర్‌కు కింది నుంచి వచ్చే గొట్టం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. మళ్లీ పెట్టింది. గొట్టం కాలిపోతోంది, హీటర్ మంచులా ఉంది. నీళ్లు రాకపోతే గొట్టం వేడిగా ఎందుకుంటుంది? మెకానికల్ చదివే మనిషికి అంతకన్నా ఏం కావాలి? నా వైపు తిరక్కుండానే, "మీ ఇంట్లో కటింగ్ ప్లయర్ ఉందా?" అని అడిగింది. లేదని చెప్పొచ్చు. కానీ కాళ్లు వాటంతటవే వెళ్లి తెచ్చి ఇచ్చాయి.

బిళ్ల టంగుమని నేల మీద పడింది. అక్క దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని, నా ముఖం వైపు చాలాసేపు చూసింది. "నీకు తెలుసా?" అంది. తెలియదన్నాను. ఆమె తలుపు వేసుకుంది.

శనివారం నేను స్నానం చేసి వచ్చేసరికి నా గది హీటర్ చల్లబడిపోయింది. పిడి మూడుకు తిప్పాను, అయిదుకు తిప్పాను. ఎంత తిప్పినా అంతే. లోపల ఏముందో ఆ ఇంట్లో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఉంగరాన్ని రెండు చేతులతో పట్టి లాగాను. నా బలానికి కదల్లేదు.

మర్నాడు భోజనాల దగ్గర, "నాన్నా, నా హీటర్ పనిచేస్తలేదు," అన్నాను. నాన్న ప్లేటులోంచి తలెత్తకుండా, "నాటకాలు జెయ్యకు. స్వెట్టర్ ఏసుకో. లీడర్‌వి నువ్వే గిట్లంటే ఎట్ల?" అన్నాడు. ఎదురుగా కూర్చున్న అక్క పెరుగన్నం కలుపుకుంటూ, మెత్తటి గొంతుతో అంది. "పాత బిల్డింగ్ కదా అంకుల్. ఇప్పుడా మూలకు నీళ్లు రావట్లేదేమో. నా గదిలో చక్కగా వస్తున్నాయి. హౌస్‌మైస్టర్‌కి చెప్తారా?"

నాన్న చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అక్కను చూశాడు, నన్ను చూశాడు. అర్థమైంది. అర్థం కానిది అమ్మకు ఒక్కదానికే. "చెప్త," అన్నాడు నాన్న. ఆ సాయంత్రం ప్లయర్ తీసుకుని నా గదికి వస్తాడని ఎదురుచూశాను. రాలేదు. మర్నాడూ రాలేదు. బిళ్ల తీస్తే అక్క ముందు నేరం ఒప్పుకున్నట్టు. అంతకన్నా నేను చలిలో ఉండడమే ఆయనకు సులువనిపించింది. నాన్నను అమ్మకు పట్టివ్వడానికి నాకు నోరు రాలేదు. అక్క మునుపటిలాగే లెక్కలు చెప్పేది. జడలు మాత్రం వేసేది కాదు.

నాలుగో రోజుకు నాకు జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరమంటే ఇల్లంతా హడలు. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయించారు, కరోనా కాదన్నారు. నా మంచం పక్కన కూర్చున్న అమ్మ హీటర్ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. నాన్నను అడగలేదు. తనకు వచ్చిన నాలుగు జర్మన్ మాటలతో నేరుగా హౌస్‌మైస్టర్‌కు ఫోన్ చేసింది. పిల్లకు జ్వరమని వినగానే ఆయన గంటలో వచ్చాడు.

మాస్కు పెట్టుకున్న పెద్దాయన. ఈ చలికాలంలో ఈ ఇంటి నుంచి తనకు ఇదే మొదటి ఫోనని చెప్పాడు. అమ్మ నాన్న వైపు చూసింది. హౌస్‌మైస్టర్ పనిముట్టుతో ఉంగరం విప్పగానే బిళ్ల ఆయన అరచేతిలో పడింది. దాన్ని మా అందరికీ చూపిస్తూ, ఇది ఎవరి పని, అదీ పిల్ల పడుకునే గదిలో, అని అడిగాడు.

అక్క గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నాన్న ఆమె వైపు చూశాడు. ఆమె పేరు చెబితే ఆమె ఏం చెబుతుందో ఆయనకు తెలుసు. అప్పుడు నా వైపు తిరిగి, ముందు జర్మన్‌లో, తరువాత తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా అన్నాడు. "ఇదే జేసుంటది. హీటర్లతోని ఆడుడు దీనికి అలవాటే."

అమ్మ నన్ను కొట్టింది. జ్వరంతో కాలుతున్న చెంప మీదే కొట్టింది. "ఎందుకు జేసినవే? నేను భయపడి సస్తుంటే!" అని ఏడ్చింది. నేను నాన్న కళ్లలోకి చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. అక్క వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది, పెదవి విప్పలేదు. నేనూ విప్పలేదు.

హౌస్‌మైస్టర్ కొత్తగా బిగించిన ఉంగరాన్ని చూపించి, నా చేతిని తీసి దాని మీద పెట్టాడు. తిప్పమన్నాడు. తిప్పలేకపోయాను. ఆయన అమ్మకు తల వంచి నమస్కరించి వెళ్లిపోయాడు. అమ్మ తన అరచేతిని చూసుకుంది. తరువాత నాన్నతో, "ఆయనకు నువ్వు ఫోనే జెయ్యలేదు," అంది. అమ్మానాన్నల మధ్య ఆ సంగతి మీద నాకు వినపడిన ఆఖరి మాట అదే. కానీ అమ్మ ఆ చలికాలం పూర్తయ్యేదాకా నాన్నకు వడ్డించలేదు. గిన్నెలు బల్ల మీద పెట్టి లేచిపోయేది.

అక్క నెలాఖరుకు హాస్టల్‌కు మారింది. ఆ పరీక్ష తప్పిందని, మూడోసారి గట్టెక్కిందని చాన్నాళ్లకు అమ్మ ద్వారా తెలిసింది. వెళ్లే రోజు సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టి నా గదికి వచ్చింది. మంచం అంచున కూర్చుని, "మీ గది ఇంకా చల్లగా ఉందన్నావు చూడు. అది మీ నాన్న చెప్పమన్నారా?" అని అడిగింది. నేను లేదని తలూపాను.

"నాకు తెలుసు," అంది. "అందుకే ఆ బిళ్ల ఆయన గదిలో పెట్టలేదు. నీ గదిలో పెట్టాను." తొమ్మిదేళ్ల పిల్లతో అలా మాట్లాడకూడదని ఆమెకు తట్టే ఉంటుంది, లేచి నిలబడి నా దుప్పటి సర్దింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

నాన్న పోయేదాకా ఆయనా నేనూ ఆ సంగతి ఎత్తలేదు. పెద్దయ్యాక మాత్రం ఎందరికో చెప్పాను. మా ఆయనకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, మనవలకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథ నాన్న నేరం నా మీదికి నెట్టిన మాట దగ్గర మొదలై అమ్మ కొట్టిన దెబ్బ దగ్గర ఆగేది. విన్నవాళ్లు అయ్యో పాపం అనేవాళ్లు, నేను ఆ జాలిని సిగ్గు లేకుండా పుచ్చుకునేదాన్ని. అక్క చలికి ముడుచుకుపోయిన ఆ రోజులు నా బాల్యంలో నేను ఎంతో సంతోషంగా గడిపిన రోజులని ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున మూల గది మీటరు దగ్గర కూర్చుని, అంకె కదల్లేదని గట్టిగా అరిచి, నిమిరించుకోవడానికి తల వంచుకుని నాన్న దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆ పరుగు నా ఒంట్లో ఇంకా ఉంది.